కోత ఒక్కరిది కాదు.. ఫిర్యాదూ ఒక్కరితో ఆగకూడదు

పింఛను ఖాతాలోంచి పదిహేడు రూపాయలు పోయాయని ఏ వృద్ధురాలూ హైదరాబాద్‌ దాకా వెళ్లి ఫిర్యాదు చేయదు. శాఖలో అడిగితే ‘రూలు అలా ఉందమ్మా’ అంటారు. ఆ మాటతో సరిపెట్టుకుని ఇంటిదారి పడుతుంది. అదే కోత లక్షల ఖాతాల్లో పడితే వందల కోట్ల రూపాయలవుతుంది. పోగొట్టుకున్న ప్రతి ఒక్కరికీ అది చిన్న మొత్తమే కావడం వల్ల అడిగేవారు ఉండరు. అడిగిన ఒకరిద్దరికి సొమ్ము తిరిగి జమ చేస్తే అక్కడితో గొడవ సద్దుమణుగుతుంది, కోత మాత్రం కొనసాగుతుంది.

బ్యాంకులు, బీమా సంస్థలు, ఫైనాన్స్‌ కంపెనీలపై ఫిర్యాదు చేసేందుకు అంబుడ్స్‌మన్‌ వ్యవస్థ ఉందన్న సంగతి ఇప్పుడు చాలామందికి తెలుసు. అయితే తన సొమ్ము తాను రాబట్టుకోవడం ఒక పని. అందరికీ నష్టం కలిగిస్తున్న పద్ధతిని మాన్పించడం మరో పని. మొదటిదానికి అంబుడ్స్‌మన్‌ ఉన్నారు. రెండోదానికి నియంత్రణ సంస్థ దృష్టికి తీసుకువెళ్లాలి. ఈ రెండు దారులకూ తేడా ఏమిటి, జిల్లాలో ఉంటూనే రెండో దారిలో ఎలా నడవాలి అన్నదే ఈ కథనం.

రూ.17.70 కథ

ఈ తేడాను అర్థం చేసుకునేందుకు ప్రాథమిక పొదుపు ఖాతాల ఉదంతం ఒక్కటి చాలు. పేదలు కనీస నిల్వ లేకుండా తెరుచుకునేందుకు ఉద్దేశించినవి ఈ ఖాతాలు. జన్‌ధన్‌ ఖాతాలూ ఈ కోవలోనివే. వీటిలో నెలకు నాలుగుసార్లకు మించి సొమ్ము తీస్తే, ఆపై ప్రతి లావాదేవీకీ భారతీయ స్టేట్‌ బ్యాంకు రూ.17.70 చొప్పున వసూలు చేసింది. పదిహేను రూపాయల రుసుము, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే వచ్చే మొత్తమిది. ఏటీఎంలో తీసినా, దుకాణంలో రూపే కార్డు గీకినా, ఫోన్లో యూపీఐ ద్వారా చెల్లించినా కోత ఒకటే. ఇరవై రూపాయల సరుకు కొన్నందుకు దాదాపు అంతే మొత్తం రుసుముగా పోయే పరిస్థితి.

ఐఐటీ బొంబాయికి చెందిన ప్రొఫెసర్‌ ఆశిష్‌ దాస్‌ ఈ విషయాన్ని లెక్కలతో బయటపెట్టారు. 2015-20 మధ్య సుమారు 12 కోట్ల ప్రాథమిక ఖాతాల నుంచి రూ.300 కోట్లకు పైగా ఇలా వసూలైందని ఆ అధ్యయనం తేల్చింది. ముందస్తు సమాచారం ఇచ్చి, నిబంధనలకు లోబడే వసూలు చేశామన్నది బ్యాంకు వాదన. చివరకు కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2020 ఆగస్టు 30న జోక్యం చేసుకుంది. 2020 జనవరి 1 నుంచి రూపే, యూపీఐ చెల్లింపులపై తీసుకున్న రుసుములను వెనక్కి ఇవ్వాలని బ్యాంకులకు సూచించింది. ఆ తర్వాత బ్యాంకు సుమారు రూ.90 కోట్లు తిరిగి జమ చేసింది. డిజిటల్‌ లావాదేవీలపై కోత నిలిచింది. 2020కి ముందు కోసుకున్నది మాత్రం ఖాతాదారులకు చేరలేదు.

ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆ అయిదేళ్లలో ఏ ఖాతాదారైనా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించి ఉంటే, మహా అయితే తన పదిహేడు రూపాయలు తనకు వచ్చేవి. 12 కోట్ల ఖాతాల సంగతి తేలాలంటే రుసుముకు ఆధారమైన నిబంధన ఏమిటి, దాన్ని ఎలా అన్వయించారు, మొత్తం ఎంత వసూలైంది అన్న మూడు ప్రశ్నలను ఒక్కచోట పేర్చి పైవారి ముందు పెట్టాల్సి వచ్చింది. వ్యవస్థాగత ఫిర్యాదు అంటే అదే.

ఏది వ్యక్తిగతం, ఏది వ్యవస్థాగతం

శాఖలో గుమస్తా పొరపాటున వేరొకరి ఖాతాలో సొమ్ము జమ చేశారనుకోండి. అది వ్యక్తిగత సమస్య. సరిదిద్దితే తీరిపోతుంది. పంట రుణం తీసుకున్న ప్రతి రైతు దగ్గరా అడగకుండానే బీమా పాలసీ ప్రీమియం మినహాయిస్తున్నారనుకోండి. అది ఒక పద్ధతి. ఒకరికి సరిదిద్దినా మర్నాడు వచ్చే రైతుకు మళ్లీ అదే జరుగుతుంది.

సమస్య వ్యవస్థాగతమైనదని గుర్తించేందుకు కొన్ని ఆనవాళ్లున్నాయి. ఒకే రకం కోత, ఒకే మొత్తం, ఒకే తేదీన పలువురి పాసుపుస్తకాల్లో కనిపించడం మొదటిది. ‘కంప్యూటరే అలా తీసుకుంటుంది, మా చేతుల్లో లేదు’ అని సిబ్బంది చెప్పడం రెండోది. అడిగినవారికి చప్పుడు లేకుండా తిరిగి జమ చేసి, అడగనివారిని వదిలేయడం మూడోది. సంతకం పెట్టించుకున్న పత్రంలో ఖాళీలుండటం, ఆంగ్లంలో ముద్రించిన షరతులను చదివి వినిపించకపోవడం వంటివి ప్రతిసారీ పునరావృతం కావడం నాలుగోది. ఈ నాలుగింటిలో ఏది కనిపించినా అది ఒక్కరి సమస్య కాకపోవచ్చని అనుమానించాలి.

అంబుడ్స్‌మన్‌ పరిధి ఇదీ

దేశంలో బ్యాంకింగ్‌ అంబుడ్స్‌మన్‌ పథకం 1995లో మొదలైంది. బ్యాంకింగేతర ఆర్థిక సంస్థలకు 2018లో, డిజిటల్‌ లావాదేవీలకు 2019లో వేర్వేరు పథకాలు వచ్చాయి. ఈ మూడింటినీ కలిపి రిజర్వు బ్యాంకు 2021 నవంబరు 12న సమీకృత అంబుడ్స్‌మన్‌ పథకాన్ని ప్రారంభించింది. గ్రామీణ బ్యాంకులు కూడా అంబుడ్స్‌మన్‌ పరిధిలోనివే. 2025 నవంబరు 1 నుంచి రాష్ట్ర సహకార బ్యాంకులు, జిల్లా కేంద్ర సహకార బ్యాంకులనూ ఇందులో చేర్చారు. ఊళ్లలోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు మాత్రం రిజర్వు బ్యాంకు నియంత్రణలోనివి కావు. వాటిపై సహకార శాఖ అధికారులకే ఫిర్యాదు చేయాలి.

విధానం సులభమే. ముందుగా బ్యాంకుకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. 30 రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చిన సమాధానం తృప్తికరంగా లేకపోయినా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. రుసుము లేదు. న్యాయవాది అవసరం లేదు. రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్‌ ‘సీఎంఎస్‌’లో నమోదు చేయవచ్చు. చండీగఢ్‌లోని ఫిర్యాదుల స్వీకరణ కేంద్రానికి తపాలా ద్వారానూ పంపవచ్చు. ఏ భాషలో రాసినా స్వీకరిస్తామని పథకం ప్రారంభంలోనే రిజర్వు బ్యాంకు ప్రకటించింది. కాబట్టి తెలుగులో రాయడానికి సంకోచించనక్కరలేదు. 14448 నంబరుకు ఫోన్‌ చేసి వివరాలు తెలుసుకోవచ్చు.

సేవాలోపం వల్ల కలిగిన నష్టానికి రూ.20 లక్షల వరకు, మానసిక వేదన, కాలహరణం వంటి వాటికి లక్ష రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారాన్ని 2021 పథకం అంబుడ్స్‌మన్‌కు ఇచ్చింది. బ్యాంకు సమాధానం అందిన ఏడాదిలోగా రావాలని గడువు పెట్టింది. ఈ పరిమితులు, గడువులు ఎప్పటికప్పుడు సవరణకు లోనవుతుంటాయి. దాఖలు చేసే నాటికి అమల్లో ఉన్న పథకాన్ని చూసుకోవాలి. ఏదేమైనా జాప్యం చేయకపోవడమే మేలు.

ఇక అంబుడ్స్‌మన్‌ చేయలేనివి ఏమిటో చూద్దాం. బ్యాంకు తన వ్యాపార విచక్షణతో తీసుకున్న నిర్ణయాలను, యాజమాన్యంపై సాధారణ ఆరోపణలను 2021 పథకం విచారణ పరిధి నుంచి మినహాయించింది. ‘ఈ బ్యాంకు ప్రజలను దోచుకుంటోంది’ అని రాస్తే ఆ ఫిర్యాదు తిరస్కరణకు గురవుతుంది. ‘నా ఖాతా నుంచి ఫలానా తేదీన ఇంత మొత్తం, ఫలానా నిబంధనకు విరుద్ధంగా మినహాయించారు’ అని రాస్తే విచారణకు నిలుస్తుంది. ఇచ్చే తీర్పు కూడా ఆ ఫిర్యాదుదారుకే వర్తిస్తుంది, పక్కింటివారికి వర్తించదు.

అలాగని వ్యక్తిగత ఫిర్యాదులు వృథా కావు. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఏ అంశంపై వచ్చాయి అన్న విశ్లేషణను రిజర్వు బ్యాంకు ఏటా నివేదికగా ప్రచురిస్తోంది. నమోదు కాని కోత ఆ నివేదికలో కనిపించదు. కనుక నష్టపోయిన పదిమంది కలిసి ఒకే కాగితంపై సంతకాలు చేయడం కంటే, ఎవరికి వారు తమ ఖాతా వివరాలతో విడివిడిగా ఫిర్యాదు చేయడమే మేలు. ఎవరి లావాదేవీ వారిది కాబట్టి విచారణ సాఫీగా సాగుతుంది, లెక్కలోనూ పదిగా నమోదవుతుంది.

నియంత్రణ సంస్థ కదిలితే

బ్యాంకింగ్‌ నియంత్రణ చట్టం 1949లోని 35ఏ సెక్షన్‌ ప్రకారం బ్యాంకులకు ఆదేశాలిచ్చే అధికారం రిజర్వు బ్యాంకుకు ఉంది. నిబంధనలను ఉల్లంఘిస్తే 47ఏ సెక్షన్‌ కింద జరిమానా విధించవచ్చు. అంబుడ్స్‌మన్‌ తీర్పు ఒక ఖాతాను సరిదిద్దితే, ఈ ఆదేశం దేశంలోని అన్ని ఖాతాలకూ వర్తిస్తుంది.

గృహరుణాన్ని గడువుకు ముందే తీర్చేస్తే అప్పట్లో బ్యాంకులు జరిమానా వేసేవి. బ్యాంకుల్లో వినియోగదారుల సేవపై రిజర్వు బ్యాంకు నియమించిన దామోదరన్‌ కమిటీ 2011లో నివేదిక ఇచ్చింది. మరుసటి ఏడాది, 2012 జూన్‌లో, మారే వడ్డీ గృహరుణాలపై ఆ జరిమానాను రిజర్వు బ్యాంకు నిషేధించింది. ఏటీఎంలో నోట్లు రాకుండానే ఖాతాలోంచి సొమ్ము పోయిన సందర్భాలపై 2019 సెప్టెంబరులో ఆదేశాలు వచ్చాయి. అయిదు రోజుల్లో తిరిగి జమ చేయకపోతే, ఆపై రోజుకు వంద రూపాయల చొప్పున ఖాతాదారు అడగకపోయినా చెల్లించాలని వాటి సారాంశం. అప్పు పూర్తిగా తీరాక ఆస్తి దస్తావేజులను 30 రోజుల్లో ఇవ్వకపోతే రోజుకు అయిదు వేల రూపాయలు చెల్లించాలన్న ఆదేశం 2023 సెప్టెంబరులో వెలువడింది. ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది.

మన ప్రాంతంలో ఇంటింటికీ తెలిసిన బంగారు రుణాల సంగతీ అంతే. ఖాతాదారు ఎదుట లేకుండానే నగల విలువ కట్టడం, వేలంలో పారదర్శకత లోపించడం వంటి లోపాలను గుర్తించామని రిజర్వు బ్యాంకు 2024 సెప్టెంబరు 30న ప్రకటించింది. లోపాలను సరిదిద్దుకోవాలని రుణ సంస్థలను ఆదేశించింది. 2025 జూన్‌లో సమగ్ర మార్గదర్శకాలు జారీ చేసింది.

కనీస నిల్వ జరిమానాల విషయంలో చట్టసభ దారి కూడా ఉపయోగపడింది. ప్రభుత్వ రంగ బ్యాంకులు, అయిదు ప్రధాన ప్రైవేటు బ్యాంకులు కలిసి కనీస నిల్వ లేదన్న జరిమానాలు, అదనపు ఏటీఎం లావాదేవీలు, ఎస్సెమ్మెస్‌ రుసుముల పేరిట 2018 నుంచి రూ.35 వేల కోట్లకు పైగా వసూలు చేశాయి. అందులో కనీస నిల్వ జరిమానాలే రూ.21 వేల కోట్లు దాటాయి. 2023 ఆగస్టులో రాజ్యసభలో ఆర్థిక శాఖ ఇచ్చిన సమాధానం ఇది. స్టేట్‌ బ్యాంకు 2020లోనే పొదుపు ఖాతాలపై ఈ జరిమానాను ఎత్తివేయగా, 2025లో మరికొన్ని ప్రభుత్వ రంగ బ్యాంకులు అదే బాట పట్టాయి. పార్లమెంటు సభ్యుడికి ఆధారాలతో ఒక వినతిపత్రం ఇవ్వడం, దాన్ని ప్రశ్నగా మలచమని కోరడం ఏ జిల్లావాసికైనా సాధ్యమయ్యే పనే.

మనం చవిచూసిన పాఠం

ఫిర్యాదులు వినే తలుపు లేకపోతే ఏమవుతుందో తెలుగునాట చూశాం. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల తీరుపై ఆగ్రహం పెల్లుబికి, 2006లో కృష్ణా జిల్లాలో ఆ సంస్థల శాఖలను అధికార యంత్రాంగం మూయించింది. నాలుగేళ్లకు అదే సమస్య రాష్ట్రమంతటా తలెత్తింది. ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం ఆర్డినెన్స్‌ తెచ్చింది. ఆ తర్వాతే రిజర్వు బ్యాంకు నియమించిన మాలేగాం కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇవ్వడం, ఆ ఏడాది డిసెంబరులో సూక్ష్మరుణ కంపెనీలను ప్రత్యేక వర్గంగా గుర్తించి నిబంధనలు పెట్టడం జరిగాయి. ఇలాంటి కంపెనీలపై ఫిర్యాదు వినేందుకు అంబుడ్స్‌మన్‌ అన్న వ్యవస్థ 2018 దాకా రానేలేదు.

2022 మార్చి 14న రిజర్వు బ్యాంకు సూక్ష్మరుణాలపై ఇచ్చిన ఆదేశాలు ఈ అనుభవాలకు కొనసాగింపే. కుటుంబ నెలసరి ఆదాయంలో నెలవారీ వాయిదాలన్నీ కలిపి సగానికి మించరాదు. ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత వసూళ్ల కోసం ఫోన్లు చేయరాదు, ఇంటికి రారాదు. బెదిరింపులు, దూషణలు నిషిద్ధం. నిబంధన కాగితం మీద ఉంది. అది ఊళ్లో అమలవుతోందా లేదా అన్నది ముంబయిలోని అధికారులకు తెలియాలంటే ఊరి నుంచే చెప్పాలి.

జిల్లాలోనే వేదికలు

రాజధానికి వెళ్లకుండా జిల్లా కేంద్రంలోనే వినిపించుకునే చోట్లు ఉన్నాయి. ప్రతి జిల్లాకూ ఒక లీడ్‌ బ్యాంకు, దానికో మేనేజరు ఉంటారు. కలెక్టరు అధ్యక్షతన బ్యాంకర్లతో జిల్లా సంప్రదింపుల కమిటీ (డీసీసీ), జిల్లా స్థాయి సమీక్ష కమిటీ (డీఎల్‌ఆర్‌సీ) సమావేశాలు జరుగుతాయి. రిజర్వు బ్యాంకు తరఫున జిల్లా బాధ్యతలు చూసే అధికారి కూడా వీటికి వస్తారు. డీఎల్‌ఆర్‌సీకి ప్రజాప్రతినిధులను ఆహ్వానిస్తారు. పత్రికల్లో ‘రుణ లక్ష్యాల సమీక్ష’ అని చదివే సమావేశాలు ఇవే. ‘మా మండలంలో పంట రుణానికి బలవంతంగా బీమా అంటగడుతున్నారు’ అన్న అంశాన్ని ఆధారాలతో లీడ్‌ బ్యాంకు మేనేజరుకు, కలెక్టరుకు ముందుగా అందజేసి, సమావేశంలో చర్చించమని కోరవచ్చు. లీడ్‌ బ్యాంకు మేనేజరు మూడు నెలలకోసారి జిల్లాలో బహిరంగ సమావేశం పెట్టి ప్రజల ఫిర్యాదులు వినాలన్న మార్గదర్శకమూ ఉంది. మీ జిల్లాలో అది ఎప్పుడు, ఎక్కడ జరుగుతుందో ఆ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

కలెక్టరుకు మరో పాత్ర కూడా ఉంది. ఇది చాలామందికి తెలియదు. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం-2019లోని 17వ సెక్షన్‌ ప్రకారం, వినియోగదారులందరి ప్రయోజనాలకు భంగం కలిగించే అనుచిత వ్యాపార పద్ధతులపై నేరుగా జిల్లా కలెక్టరుకు ఫిర్యాదు చేయవచ్చు. కలెక్టరు తన పరిధిలో విచారణ జరిపి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు నివేదిక పంపేందుకు 16వ సెక్షన్‌ వీలు కల్పిస్తోంది. ఆ సంస్థ ప్రాథమిక విచారణ తర్వాత, అవసరమనుకుంటే విషయాన్ని సంబంధిత నియంత్రణ సంస్థకు నివేదికతో సహా పంపవచ్చు. సోమవారం జరిగే ప్రజావాణిలో గానీ, ప్రజా సమస్యల పరిష్కార వేదికలో గానీ ఇచ్చే అర్జీపై ‘17వ సెక్షన్‌ కింద ఫిర్యాదు’ అని స్పష్టంగా రాస్తే అది మామూలు అర్జీల కట్టలో కలిసిపోకుండా ఉంటుంది.

ఆధారాలు కూడగట్టేదిలా

నియంత్రణ సంస్థను కదిలించేది ఆగ్రహం కాదు, ఆధారం. ముందుగా నష్టపోయినవారి పాసుపుస్తకాలు సరిచూడాలి. ఒక తెల్లకాగితంపై పట్టిక గీసి తేదీ, కోత మొత్తం, పాసుపుస్తకంలో దాని ఎదుట రాసిన మాట, అంతకుముందు ఉన్న నిల్వ రాసుకోవాలి. పది ఖాతాలు చాలు, సమస్య తీరు తెలిసిపోతుంది. పేర్లు, ఖాతా సంఖ్యలు పట్టికలో పూర్తిగా రాయనక్కరలేదు, చివరి నాలుగు అంకెలు సరిపోతాయి. ప్రతి ఒక్కరి సమ్మతీ సంతకంతో తీసుకోవాలి.

రెండో మెట్టు నిబంధన పట్టుకోవడం. కనీస నిల్వ జరిమానానే తీసుకుందాం. 2014 నవంబరు 20న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం, నిల్వ తగ్గిందని ఖాతాదారుకు ముందుగా తెలియజేసి నెల గడువు ఇవ్వాలి. తగ్గిన మేరకే, దామాషాలో జరిమానా వేయాలి. కేవలం ఆ జరిమానా కారణంగా ఖాతా నిల్వ సున్నా కంటే దిగువకు పోకూడదు. పాసుపుస్తకంలో నిల్వ ముందు మైనస్‌ గుర్తు కనిపించిందంటే, అది పడటానికి కారణం జరిమానాయేనా అని చూస్తే చాలు. నిబంధనకూ, ఆచరణకూ మధ్య తేడాను ఏ అక్షరాస్యుడైనా చూపించగల ఉదాహరణ ఇది.

మూడోది సమాచార హక్కు చట్టం. ప్రభుత్వ రంగ బ్యాంకులు, రిజర్వు బ్యాంకు ఈ చట్టం పరిధిలో ఉన్నాయి. పది రూపాయల రుసుముతో దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో సమాధానం రావాలి. ‘మీరు అక్రమంగా వసూలు చేశారా’ అని అడిగితే ఫలితం ఉండదు. ‘ఫలానా ఆర్థిక సంవత్సరంలో మీ శాఖలో ఫలానా రుసుము ఎన్ని ఖాతాల నుంచి, మొత్తం ఎంత వసూలైంది, దానికి ఆధారమైన సర్క్యులర్‌ నకలు ఇవ్వండి’ అని అడగాలి. ప్రైవేటు బ్యాంకులు నేరుగా ఈ పరిధిలోకి రాకపోయినా, వాటి గురించి రిజర్వు బ్యాంకు వద్ద ఉన్న సమాచారాన్ని అడగవచ్చు. తనిఖీ నివేదికల వంటి సమాచారాన్ని దాచిపెట్టరాదని సుప్రీంకోర్టు 2015 డిసెంబరులో రిజర్వు బ్యాంకుకు స్పష్టం చేసింది.

నాలుగోది బ్యాంకు సమాధానం. పై స్థాయి అధికారుల నుంచి లిఖితపూర్వకంగా రాబట్టాలి. ఫిర్యాదును పూర్తిగా గానీ, పాక్షికంగా గానీ తిరస్కరించే ముందు బ్యాంకు దాన్ని తన అంతర్గత అంబుడ్స్‌మన్‌ పరిశీలనకు పంపాలన్న నియమం పెద్ద బ్యాంకులకు ఉంది. ‘ఇది మా విధానం’ అని బ్యాంకే రాసిచ్చిన కాగితం చేతిలో ఉంటే, అది ఒక్క గుమస్తా పొరపాటు కాదనేందుకు అంతకంటే రుజువు అక్కరలేదు.

లేఖ ఇలా ఉంటే మేలు

నియంత్రణ సంస్థకు రాసే లేఖ రెండు పుటలకు మించరాదు. రిజర్వు బ్యాంకు విషయమైతే ముంబయిలోని వినియోగదారుల విద్య, రక్షణ విభాగానికి పంపి, నకలును హైదరాబాద్‌ ప్రాంతీయ కార్యాలయానికి, లీడ్‌ బ్యాంకు మేనేజరుకు ఇవ్వాలి. లేఖలో అయిదు అంశాలుండాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు:

‘విషయం: పొదుపు ఖాతాల్లో కనీస నిల్వ జరిమానా వల్ల నిల్వలు సున్నా కంటే దిగువకు పోవడం.

1. జరుగుతున్నది: ఫలానా శాఖలో ఫలానా నెలల మధ్య మేము పరిశీలించిన ఇన్ని ఖాతాల్లో ఇన్నింటికి ఈ విధంగా జరిగింది. పట్టిక జతచేశాం.
2. నిబంధన: 2014 నవంబరు 20 నాటి ఉత్తర్వు దీనికి భిన్నంగా ఉంది.
3. బ్యాంకు వివరణ: ఫలానా తేదీన ఇచ్చిన సమాధానం జతచేశాం. తమ విధానమే ఇదని అందులో పేర్కొన్నారు.
4. నష్టపోతున్నవారు: వీరిలో అధికులు వృద్ధాప్య పింఛనుదారులు, ఉపాధి హామీ కూలీలు.
5. కోరుతున్నది: ఇతర శాఖల్లోనూ ఇలా జరిగిందేమో తనిఖీ చేయించాలి. నష్టపోయిన ఖాతాదారులందరికీ, వారు అడగకపోయినా, సొమ్ము తిరిగి జమ చేయించాలి.’

అయిదో అంశమే కీలకం. ‘మాకు న్యాయం చేయండి’ అంటే పది ఖాతాలతో ఆగుతుంది. ‘అడగనివారికీ తిరిగి ఇప్పించండి’ అన్న మాట రాస్తేనే అది వ్యవస్థాగత ఫిర్యాదు అవుతుంది. తమ సొమ్ము కోసం ఎవరికి వారు అంబుడ్స్‌మన్‌ వద్ద వేసుకునే ఫిర్యాదులు దీనితో నిమిత్తం లేకుండా సాగాలి. ఈ లేఖ వాటికి ప్రత్యామ్నాయం కాదు.

రిజర్వు బ్యాంకు, బీమా నియంత్రణ సంస్థ, సెబీ కొత్త నిబంధనలు తెచ్చే ముందు ముసాయిదాలను తమ వెబ్‌సైట్లలో ఉంచి ప్రజాభిప్రాయం కోరుతుంటాయి. అలాంటి సమయంలో ఇదే పట్టికను జతచేసి అభిప్రాయం పంపితే దాని విలువ మరింత పెరుగుతుంది.

బీమా, షేర్ల విషయంలో

బీమా రంగంలో ఒక సౌలభ్యం ఉంది. దేశవ్యాప్త నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల ఫిర్యాదులు వినే బీమా అంబుడ్స్‌మన్‌ కార్యాలయం కూడా అక్కడిదే. ముందుగా కంపెనీకి, ఆపై ‘బీమా భరోసా’ పోర్టల్‌లో గానీ 155255 నంబరుకు గానీ ఫిర్యాదు చేయాలి. అంబుడ్స్‌మన్‌ ఇప్పించగల పరిహార పరిమితిని 2023 నవంబరులో రూ.30 లక్షల నుంచి రూ.50 లక్షలకు పెంచారు. క్లెయిములను ఒకే సాకుతో వరుసగా తిరస్కరించడం, ఫిక్స్‌డ్‌ డిపాజిట్‌ అని నమ్మించి పాలసీ అంటగట్టడం వంటివి పలువురి విషయంలో కనిపిస్తే వ్యక్తిగత ఫిర్యాదులకు తోడు ఐఆర్‌డీఏఐకి పైన చెప్పిన తరహాలో లేఖ రాయాలి. షేర్లు, మ్యూచువల్‌ ఫండ్ల విషయంలో సెబీ 2011లో ప్రారంభించిన ‘స్కోర్స్‌’ పోర్టల్‌ ఉంది. 2024 ఏప్రిల్‌ 1 నుంచి దాని కొత్త రూపం అమల్లోకి వచ్చింది. ఫిర్యాదుపై 21 రోజుల్లో చర్య నివేదిక ఇవ్వాలని కంపెనీలకు గడువు పెట్టింది.

అందరి తరఫున ఒక్కరు

బ్రిటన్‌లో గుర్తింపు పొందిన వినియోగదారుల సంస్థలు ‘సూపర్‌ ఫిర్యాదు’ దాఖలు చేసే వీలును చట్టమే కల్పించింది. అలాంటి ఫిర్యాదుకు అధికారులు 90 రోజుల్లో సమాధానం చెప్పి తీరాలి. అప్పులతో పాటు అనవసరంగా అంటగట్టిన బీమాపై సిటిజన్స్‌ అడ్వైస్‌ అనే సంస్థ 2005లో ఇలాంటి ఫిర్యాదు చేసింది. ఆ వ్యవహారంలో బ్యాంకులు, రుణ సంస్థలు చివరకు సుమారు 3,800 కోట్ల పౌండ్లు వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది.

మన దగ్గర సరిగ్గా ఆ ఏర్పాటు లేదు. అయితే వినియోగదారుల రక్షణ చట్టం-2019లోని 35వ సెక్షన్‌ మరో దారి చూపుతోంది. ఒకే రకంగా నష్టపోయినవారు అనేకులున్నప్పుడు, జిల్లా వినియోగదారుల కమిషన్‌ అనుమతితో వారిలో ఒకరో కొందరో అందరి తరఫునా ఫిర్యాదు చేయవచ్చు. రిజిస్టరైన స్వచ్ఛంద వినియోగదారుల సంఘాలకూ ఫిర్యాదు చేసే అర్హత ఉంది. ఘటన జరిగిన రెండేళ్లలోగా దాఖలు చేయాలి. సలహా కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కు ఫోన్‌ చేయవచ్చు.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

ఒకే అంశంపై కమిషన్‌లో గానీ, కోర్టులో గానీ కేసు నడుస్తుండగా అంబుడ్స్‌మన్‌ ఆ ఫిర్యాదును స్వీకరించరు. ఏ దారి ఎంచుకోవాలో ముందే నిర్ణయించుకోవాలి. లేఖలో సిబ్బంది పేర్లు పెట్టి నిందించరాదు. ఎత్తి చూపుతున్నది పద్ధతిని, వ్యక్తిని కాదు. రుజువు లేని మాట ఒక్కటి ఉన్నా మిగతా లేఖంతా బలహీనపడుతుంది.

ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే కస్టమర్‌ కేర్‌ నంబర్లలో మోసగాళ్లవీ ఉంటాయి. అంబుడ్స్‌మన్‌ కార్యాలయం రుసుము అడగదు, ఓటీపీ అడగదు, ఫోన్లో యాప్‌ వేసుకోమనదు. నంబరును పాసుపుస్తకం నుంచి గానీ, శాఖలోని నోటీసు బోర్డు నుంచి గానీ తీసుకోవాలి. పంపిన ప్రతి కాగితం నకలు, ప్రతి ఫిర్యాదు సంఖ్య ఒకే దస్త్రంలో భద్రపరచాలి. లేఖకు జవాబు రాకపోతే నెల తర్వాత ఆ సంఖ్యను ఉటంకిస్తూ గుర్తుచేయాలి.

ఈ నెల పాసుపుస్తకం నవీకరించుకోవడానికి బ్యాంకుకు వెళ్లినప్పుడు ఒక్క పని చేయండి. మీకు అర్థం కాని కోత ఏదైనా కనిపిస్తే దాని పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. మీ తర్వాత వరుసలో ఉన్నవారి పుస్తకంలోనూ అది ఉందేమో అడగండి. ఉందంటే, అది మీ ఇద్దరి సమస్య మాత్రమే కాకపోవచ్చు.